ట్రైల్ పాడవకుండా మౌంటెన్ బైక్ తొక్కడం, పాడైన చోట బాగుచేయడం ఎలా?

ట్రైల్, అంటే కొండల్లో, అడవుల్లో సాగే సన్నటి మట్టిదారి, పాడైందంటే అందరూ వేలెత్తి చూపేది టైర్లనే. నిజానికి దారిని తినేసేది నీరు. టైరు, బూటు, గుర్రపు డెక్క మట్టిని వదులు చేస్తాయి. ఆ వదులు మట్టిని మోసుకుపోయేది వాన. అమెరికాలోని మోంటానాలో కొండదారుల మీద జరిపి 1994లో ప్రచురించిన ఒక అధ్యయనం, తడి నేల మీద చక్రాలకంటే కాళ్లూ డెక్కలే ఎక్కువ మట్టిని కదుపుతాయని తేల్చింది. అలాగని సైకిలు తొక్కేవాళ్ల తప్పేమీ లేదని కాదు. చక్రానికి ఒక చెడ్డ గుణం ఉంది, తెగకుండా సాగే గాడి గీస్తుంది. పాదముద్రలో నీళ్లు నిలుస్తాయి, గాడిలో పరుగెడతాయి. కాబట్టి తొక్కేటప్పుడైనా, పార పట్టినప్పుడైనా ఆలోచించాల్సింది ఒక్కటే: ఇక్కడ పడ్డ నీళ్లు ఎటు పోతాయి?

ముందు సైకిల్ సంగతి చూడండి

రోడ్డు అలవాటుతో టైర్లలో గాలి బిర్రుగా కొట్టించుకుని వస్తారు చాలామంది. అలాంటి టైరు రాళ్ల మీద ఎగిరిపడుతుంది, ఎగిరిన చక్రానికి పట్టుండదు, బ్రేకు వేయగానే జారుతుంది. 2.3 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకు, మధ్యస్థంగా బరువున్న మనిషికి 20 నుంచి 28 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్యలో ఎక్కడో ఒకచోట కుదురుతుంది. ముందు చక్రంలో వెనక దానికంటే ఒకటి రెండు పీఎస్‌ఐ తక్కువ ఉంచండి. ట్యూబ్ ఉన్న టైరైతే ఇంకాస్త ఎక్కువే కావాలి, లేదంటే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబ్ నలిగి పంక్చరవుతుంది.

బ్రేకు లీవర్లు చూపుడువేలికి సులువుగా అందాలి, మిగతా వేళ్లు హ్యాండిల్ పట్టుకోవడానికి. చక్రాల ఇరుసులు, హ్యాండిల్ బోల్టులు బిగుతుగా ఉన్నాయో లేదో చూసుకోండి, చైనుకు నూనె వేయండి, హెల్మెట్ పెట్టుకోండి.

నేలను చూసి, తొక్కాలో వద్దో తేల్చుకోండి

వాన వెలిసిందంటే దారి సిద్ధమైనట్టు కాదు. బంకమట్టి నేల ఆరడానికి రోజులు పడుతుంది. ఇసుక, గులకరాళ్లు కలిసిన నేల మాత్రం తడికి గట్టిపడుతుంది, అక్కడ వాన మర్నాడే హాయిగా తొక్కవచ్చు. ఏ నేలో తెలియకపోతే పది గజాలు తొక్కి వెనక్కి తిరిగి చూడండి. టైరు గుర్తు పైపైన పడితే ముందుకు సాగవచ్చు. చక్రం వేలి కణుపు లోతున దిగిందన్నా, మట్టి టైరుకు అంటుకుని ఫ్రేములో ఇరుక్కుంటోందన్నా ఆ రోజుకు ఇంటిదారి పట్టండి. ఆ గాడి అలాగే ఎండి గట్టిపడితే, తర్వాతి వానకు అదే కాలువ అవుతుంది.

మంచు కురిసే ప్రాంతాల్లో తెల్లవారుజామున గడ్డకట్టి గట్టిగా ఉన్న నేల ఎండెక్కేసరికి బురదవుతుంది. అలాంటి చోట్ల పెందలాడే వెళ్లి పెందలాడే వచ్చేయాలి.

చక్రం ఈడ్చుకుపోకుండా తొక్కడం నేర్చుకోండి

దిగుడులో సీటు దించి, పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో ఉంచి నిలబడండి. మోకాళ్లు, మోచేతులు కాస్త వంచాలి. చూపు చక్రం ముందున్న రాయి మీద కాదు, నాలుగైదు సైకిళ్ల పొడవు అవతల ఉండాలి. వేగం పెరిగేకొద్దీ చూపు ఇంకా దూరం పోవాలి.

చాలామంది తడబడేది బ్రేకుల దగ్గరే. ముందు బ్రేకు వేస్తే తలకిందులవుతామని భయపడి వెనక బ్రేకు ఒక్కదాన్నే గట్టిగా నొక్కుతారు. దిగుడులో బరువంతా ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఆపే శక్తి ఎక్కువగా ముందు చక్రానిదే. తేలికైన వెనక చక్రం బిగుసుకుపోయి మట్టిని గీరుకుంటూ పోతుంది. రెండు బ్రేకులనూ కొంచెం కొంచెంగా, ముందుగానే వేయండి. నడుమును కాస్త వెనక్కీ కిందికీ తెస్తే పల్టీ కొట్టే భయం తగ్గుతుంది. మలుపు రాకముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకులు వదిలేయండి. అక్కడ సైకిల్‌ను లోపలికి వంచి, బయటివైపు పెడల్ మీద బరువు మోపాలి.

మౌంటెన్ బైకింగ్ చరిత్రలో పేరున్న ‘రీప్యాక్’ పందెం 1976లో కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర మొదలైంది. ఆ పాత సైకిళ్లను ఆపేది వెనక చక్రం నడుమ ఉండే హబ్‌లోని బ్రేకే. ఆ దిగుడు పూర్తయ్యేసరికి హబ్‌లో గ్రీజు కాలిపోయేది, మళ్లీ నింపితే తప్ప ఇంకోసారి దిగడానికి లేదు, ఆ పేరు అలా వచ్చిందే. ఇప్పటి డిస్కు బ్రేకులకు ఒక్క వేలు చాలు. ఇంకా చక్రాన్ని ఈడ్చుకుంటూ దిగేవాళ్లను చూస్తే, నైపుణ్యం చూపిస్తున్నారా, లేమి చూపిస్తున్నారా అనిపిస్తుంది.

దారిలో మడుగు వస్తే మధ్యలోంచే వెళ్లండి. బట్టలు మురికవుతాయి, ఏం చేస్తాం! పక్కనుంచి తప్పించుకుపోతే మడుగు అంచులు తెగి వెడల్పవుతుంది, మరుసటి వారం వచ్చేవాళ్లు ఇంకా పక్కకు జరుగుతారు, అడుగున్నర దారి బండ్లబాట అంత అవుతుంది. వంకర మలుపుల్లో అడ్డదారి తొక్కినా అంతే. నిటారుగా కిందికి దిగే ఆ గీతను నీళ్లు వెంటనే పట్టుకుంటాయి.

ఎదురుపడితే దిగేవాళ్లు ఆగి, ఎక్కేవాళ్లకు దారివ్వాలి. నడిచేవాళ్లకూ గుర్రాలకూ సైకిల్ దారివ్వాలి. గుర్రం కనిపిస్తే ఆగి, పల్లం వైపు నిలబడి, రౌతుతో మామూలుగా మాట్లాడండి. గొంతు వింటే అది బెదరదు.

పార పట్టేముందు అనుమతి తీసుకోండి

నేల ఎవరిదో వాళ్లను అడగందే గడ్డపార దించకూడదు. అనుమతి లేకుండా కట్టిన ఒక్క జంప్ (సైకిల్‌తో గాల్లోకి ఎగరడానికి కట్టే మట్టిదిబ్బ) మొత్తం దారిని మూయించగలదు.

వానలో ఒకసారి నడవండి

మరమ్మతు ఎక్కడ అవసరమో ఎండలో తెలియదు. నీరు పల్లమెరుగు అంటారు, ఆ పల్లం మనకు కనబడేది వానలోనే. గొడుగు పట్టుకుని దారి పొడవునా నడుస్తూ మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి: నీళ్లు దారిలోకి దిగే చోటు, దారి వెంట పరుగెత్తే చోటు, నిలిచిపోయే చోటు. ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. అన్నిటికంటే ప్రమాదం రెండోదానితో. నీళ్లు దారికి అడ్డంగా దాటిపోతే నష్టం లేదు, దారి వెంట పోతేనే కోత.

నీళ్లను దారి దాటించండి

కొండవాలు మీద ఉన్న దారి పల్లం అంచు వైపు కొద్దిగా ఒరిగి ఉండాలి. మీటరు వెడల్పుకు సుమారు 5 సెంటీమీటర్ల వాలు చాలు. కాలం గడిచేకొద్దీ చక్రాలు మధ్యలో తొక్కి తొక్కి పళ్లెంలా చేస్తాయి, పల్లం అంచున మట్టి పేరుకుని గట్టు కడుతుంది. మరమ్మతులో సగం పని ఆ గట్టును తీసేయడమే. పారతో గట్టు గీకి, ఆ మన్ను మంచిదైతే మధ్యలో గుంట పడిన చోట వేసి దిమ్మిసతో కొట్టండి. ఆకుచెత్త, వేర్లు కలిసిన నల్లమట్టి దారికి పనికిరాదు. అది నీళ్లను పీల్చి మెత్తబడుతుంది. పని అయ్యాక ఒక సీసా నీళ్లు పోసి చూడండి. నీళ్లు అంచు దాటి కిందికి జారితే సరే, లేకుంటే ఇంకొంచెం గీకాలి.

నీళ్లు నిలిచే చోట అర్ధచంద్రాకారంలో ఒక పల్లం తీయాలి. దారి వెంట సుమారు 3 మీటర్ల పొడవున, దారికి కిందివైపు అంచుకు పోయేకొద్దీ లోతు పెరిగేలా చేసి, నీళ్లు మళ్లీ దారిలోకి రాకుండా బయటికి తోవ చూపించండి. ఇరుకుగా కాలువలా తవ్వితే రెండు వానలకు పూడిపోతుంది, చక్రం కూడా అందులో పడుతుంది. సైకిల్ మీద వెళ్లేవాడికి అక్కడ పల్లం ఉన్నట్టే తెలియనంత విశాలంగా ఉండాలి.

దారి ఏకబిగిన పొడుగ్గా దిగుతుంటే అది చాలదు. మధ్యమధ్యలో దారి కాసేపు దిగి, కొద్దిగా ఎక్కి, మళ్లీ దిగేలా మలచాలి. ఆ చిన్న ఎక్కుడు దగ్గర నీళ్లు ఆగి పక్కకు తప్పుకుంటాయి. తొక్కేవాళ్లకు అదే సరదా కూడా. దారికి అడ్డంగా దుంగ పాతి నీళ్లు మళ్లించే పాత పద్ధతి నాకు నచ్చదు. దుంగ వెనక మట్టి నిండిపోతుంది, తడిసిన చెక్క మీద చక్రం జారుతుంది, తొక్కేవాళ్లు పక్కనుంచి కొత్త బాట వేస్తారు.

ఎంత బాగుచేసినా బురదే అయ్యే చోట పెద్ద, చదునైన రాళ్లు ఏరి పరవండి. రాయి చదునైన ముఖం పైకి కనబడాలి, ఎక్కువ భాగం నేలలోకి దిగాలి. ఎక్కి గెంతినా కదలకూడదు.

పనికి మంచి సమయం వాన పడ్డ ఒకటి రెండు రోజుల తర్వాత, నేల పదునుగా ఉన్నప్పుడు. ఎండిన మట్టిని ఎంత కొట్టినా అతుక్కోదు.

మామూలు పార, గడ్డపార, రంపం ఉంటే చాలు. ఒకవైపు గొడ్డలి, మరోవైపు తవ్వే పార అంచు ఉండే ‘పులాస్కీ’ దొరికితే వేర్ల దగ్గర పని తేలిక. 1910లో అమెరికాలోని ఐడహో ప్రాంతపు మహా కార్చిచ్చులో తనవాళ్లను కాపాడిన అటవీ ఉద్యోగి ఎడ్ పులాస్కీ పేరే దానికి వచ్చింది. పనిముట్టు ఊపేటప్పుడు మనిషికీ మనిషికీ 3 మీటర్ల ఎడం ఉండాలి.

ఇంకో మాట. జంప్ కట్టాలంటే పదిమంది వస్తారు, నీటితోవ తీయాలంటే ఇద్దరు మిగులుతారు. పిలిచేటప్పుడు ఉదయం నీటితోవలు, సాయంత్రం జంప్ అని చెప్పండి.

కొమ్మలు

తల ఎత్తులో, మలుపులో చూపుకు అడ్డొచ్చేవే కొట్టండి. కొమ్మను మాను దగ్గరి ఉబ్బుకు ఆనుకుని, ఆ ఉబ్బు తెగకుండా కోయాలి. సగంలో నరికిన మొద్దు ఈటెలా మిగులుతుంది, పడితే గుచ్చుకుంటుంది.

బాగుపడని ముక్కను వదిలేయండి

కొన్ని ముక్కలు ఎప్పటికీ నిలవవు. దారి వాలు కొండవాలులో సగం దాటితే నీళ్లు దారినే ఎంచుకుంటాయి. వంద మీటర్లకు 20 మీటర్లు ఎక్కే కొండ మీద దారి 10 మీటర్లకు మించి ఎక్కకూడదు. నిటారు కొండల మీద కూడా సగటున 10 శాతం దగ్గరే ఉంచుకోవడం మేలు. ఫోన్‌లో వాలు కొలిచే యాప్‌తో చూసుకోవచ్చు.

అలాంటి చోట కొండకు అడ్డంగా చుట్టు తిరిగే కొత్త ముక్క వేసి పాతదాన్ని మూసేయాలి. ఊరికే రెండు కొమ్మలు అడ్డం పెడితే ఎవరూ ఆగరు. గట్టిపడిన నేలను గునపంతో గుల్ల చేసి, నీళ్లు ఆగేలా అడ్డంగా దుంగలు పాతి, చుట్టుపక్కల ఆకుచెత్త కప్పండి. పాత దారి మొదలయ్యే చోట గీత కనబడినంత మేరా కొమ్మలు పరవండి, కనిపిస్తే తొక్కుతారు.

తర్వాత వచ్చే మొదటి పెద్ద వానకు మళ్లీ గొడుగు తీసుకుని వెళ్లండి. పాత ఫొటోలతో పోల్చి చూడండి. తవ్విన పల్లం పూడిపోయి ఉంటే దాన్ని ఇంకా వెడల్పు చేయాలి, అంచు దగ్గర మట్టి కోసుకుపోతుంటే నీళ్లు పడే చోట నాలుగు రాళ్లు పేర్చాలి.