బోరు పాయింట్ చూసే మనిషిని ఎట్లా ఎంచుకోవాలి

ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పిన నేను, రిటైరయ్యాక కళ్యాణదుర్గం దగ్గర మా ఐదెకరాల్లో మొదటి బోరుకు అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్లెక్కడున్నాయో చెప్పే పెద్దాయనను పిలిపించాను. కింద చెప్పేవన్నీ నాలుగు ఎండు బోర్ల ఖర్చుతో నేర్చుకున్నవి.

ఆయన తెల్లబట్టల్లో బొలేరో దిగాడు. వెనక ఇద్దరు శిష్యులు. కాయ ఇట్లా లేచి నిలబడగానే "మూడించుల నీళ్లు ఉన్నాయి సారూ, రాసిపెట్టుకోండి" అన్నాడు. గట్టు మీద ఊరంతా ఉంది. ఎట్లా చెప్తున్నావప్పా అని అడగడానికి నాకు నామోషీ అయింది, ఇంత చదివిన సారుకు అదీ తెలీదా అనుకుంటారని. అక్కడ రాయి, తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలేదు. పక్కనే ఇంకోచోట చూపించాడు. అదీ అంతే.

కాబట్టి పాయింట్ చూసే మనిషిని మొదట అడగాల్సింది ఎన్ని పడలేదు అని. "నా చేతిలో ఒక్కటీ ఫెయిలు కాలేదు" అంటే టీ ఇచ్చి పంపించేయండి. లెక్క చెప్తే, ఆయన చూపిన పొలాలకు మీరే పోయి చూడండి. ఆ పొలం ఎక్కడుందో గమనించండి. చెరువు కింద, వంక పక్కన అయితే మా మనవడు వేలు పెట్టి చూపినా నీళ్లు పడతాయి. మా పెద్దాయన పేరంతా అట్లాంటి పొలాల్లో వచ్చిందే. నాదేమో గుట్ట వాలు మీద మెట్టచేను.

రైతును ఇంకొకటి కూడా అడగండి: మే నెలలో మోటరు ఎంతసేపు ఆడుతోంది? బోరు వేసిన రోజు కంప్రెసర్ గాలికి నీళ్లు చెట్టెత్తు ఎగురుతాయి, అందరూ ఫొటోలు తీసుకుంటారు. ఒక ఎండాకాలం దాటిన బోరునే లెక్కలోకి తీసుకోండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది, అదీ కురిస్తే.

కాయో పుల్లో పట్టి నీళ్లు చూసేవాళ్లంతా మోసగాళ్లని నేననను. మనసులో ఏదనుకుంటే చేతి కండరాలు తెలియకుండానే అటు కదులుతాయి. పట్టినవాడికి కూడా అది భూమి లాగినట్టే ఉంటుంది. 1987, 88లో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో కింద నీళ్ల పైపును జరుపుతూ, పై అంతస్తు నుంచి అదెక్కడుందో చెప్పమని పుల్ల పట్టేవాళ్లను పరీక్షించారు. ఎక్కువమంది గుడ్డిగా చెప్పినవాళ్ల కంటే మెరుగనిపించుకోలేదు. ఈ సంగతి చదివాక కూడా నాలుగో బోరు నేను పుల్లాయనతోనే చూపించానంటే ఏమనుకుంటారో అనుకోండి.

మూడో బోరు మాత్రం పూర్తిగా నా గొప్ప కోసం. పక్క చేనాయన 750 అడుగులు పోయాడు, నేను 800 పోయాను. నల్లరాతిలో లోతుకు పోయేకొద్దీ పగుళ్లు బిగుసుకుంటాయని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణే. రిగ్గువాళ్లకు అడుగుకింత డబ్బు, "ఇంకో యాభై చూద్దాం సార్" అనకేం చేస్తారు? రిగ్గు రాకముందే ఎన్ని అడుగులకు ఆపాలో కాగితం మీద రాసి ఇంట్లో ఆడవాళ్ల చేతికివ్వండి. వాళ్లయితే ఆపిస్తారు.

ఐదోసారి వచ్చిన కుర్రాడు పాత టీవీఎస్ మీద వచ్చాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది, చూస్తే నమ్మకం కలగలేదు. నాలుగు ఇనుప కడ్డీలు వరసగా దిగ్గొట్టి, బయటి రెండింటికి కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూశాడు. కడ్డీల ఎడం పెంచేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. గట్టి రాయి కరెంటును అడ్డుకుంటుంది, తడి ఉన్న పగుళ్ల రాయి పోనిస్తుంది. ఇక్కడే వాళ్లనొక ప్రశ్న అడగండి: "రీడింగ్ తగ్గితే నీళ్లేనా?" బంకమట్టికీ ఉప్పునీళ్లకీ కూడా తగ్గుతుంది. అవునని గట్టిగా చెప్పేవాడి మీద మిషన్ ఉన్నా అనుమానించాల్సిందే. ఈ అబ్బాయి తల గోక్కుని, "మట్టి కూడా కావొచ్చు సార్. ఈ మూల కొంచెం నయం. 300 అడుగులకు తడి రాకపోతే ఆపేయండి" అన్నాడు. నాకు చిరాకేసింది, డబ్బిచ్చి అనుమానం కొనుక్కున్నట్టుందని. 240 దగ్గర ఒకటిన్నర ఇంచు పడింది.

సర్వేకు జిల్లా భూగర్భ జల శాఖలో కూడా అడగొచ్చు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, కొత్త బోరుకు అనుమతి ముందే తీసుకోండి.

ఎండు బోర్లకు ఇనుప మూతలు వెల్డింగ్ చేయించండి, పిల్లలు తిరిగే చోట్లు. నావి నాలుగూ అదే రోజు మూయించాను. వెల్డింగ్ చేసే అబ్బాయి, "ఇన్ని ఎవరు చూపించినారు సారూ?" అన్నాడు. మూడోదాని గురించి అబద్ధం చెప్పాను.