కార్వింగ్ స్నోబోర్డ్ స్వయంశిక్షణ – 7వ పాఠం: ప్లేటు బిగించి చూద్దాం

క్రితం పాఠంలో స్టాన్స్ (రెండు పాదాల మధ్య) వెడల్పు, బైండింగుల (బూట్లను బోర్డుకు పట్టి ఉంచే బిగింపుల) కోణాలు, మడమ కింద, వేళ్ల కింద పెట్టే ఎత్తులు ఖరారు చేసుకున్నాం. ఆ కొలతలు రాసిన కాగితం దగ్గర పెట్టుకోండి. దాంతోపాటు, పొద్దున్నే చదును చేసిన మంచు మీద మీ మలుపులు రెండు వైపులా సన్నటి గీతలా పడుతుండాలి; జారకుండా బోర్డు అంచు మీదే తిరగడమే కార్వింగ్. టెయిల్ (బోర్డు వెనక కొస) జారుతూ మంచును గీరుకుపోతుంటే ఈ పాఠం పక్కనపెట్టి 4వ పాఠానికి వెళ్లండి. జారే మలుపును ప్లేటు సరిచేయదు. అది చేసే పని వేరు.

హార్డ్ బూట్ల బైండింగులను కూడా కొందరు ప్లేట్ బైండింగులంటారు. ఈ పాఠంలో ప్లేటంటే బోర్డుకూ బైండింగులకూ మధ్య వచ్చే పొడవాటి గట్టి పలక. రెండు బైండింగులూ దాని మీదే కూర్చుంటాయి. ఆ పలక బోర్డును రెండు చోట్ల మాత్రమే తాకుతుంది. ఆ రెండు చోట్లా ఇరుసులు ఉంటాయి. చాలా ప్లేట్లలో ఒక ఇరుసు స్థిరంగా ఉంటుంది, రెండోది చిన్న గాడిలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పాఠంలో మిగతాదంతా ఈ జరిగే ఇరుసు చుట్టూనే తిరుగుతుంది.

ప్లేటు లేనప్పుడు ఏం జరుగుతుందో ముందు చూద్దాం. మలుపులో ఎడ్జ్ (బోర్డు పక్క అంచు) మీదికి ఒరిగినప్పుడు బోర్డు విల్లులా వంగాలి. కానీ దాని మీద రెండు గట్టి బూట్లు నేరుగా బిగించి ఉన్నాయి. బైండింగుల కింద బోర్డు సరిగా వంగలేదు, ముందూ వెనకా మాత్రం వంగుతుంది. పైగా బోర్డు వంగేకొద్దీ రెండు బైండింగులూ ఒకదానివైపు ఒకటి ఒరుగుతాయి, మోకాళ్లు దాన్ని అడ్డుకుంటాయి. మంచులో గడ్డ తగిలితే ఆ దెబ్బ బూటుకు, బూటు నుంచి మోకాలికి తిన్నగా వస్తుంది. కాలు బిగుసుకుంటుంది, ఎడ్జ్ మీద బరువు ఒక్కక్షణం తగ్గుతుంది, బోర్డు దడదడలాడుతుంది. హీల్‌సైడ్ (మడమలవైపు ఎడ్జ్ మీద తిరిగే) మలుపు చివరి మూడోవంతులో వచ్చే ఆ దడ మీకు కొత్త కాదు.

ప్లేటు ఉంటే రెండు పాదాలూ ఒకే తలం మీద ఉంటాయి. బోర్డు కింద తన పాటికి తాను వంగుతుంది, ఇరుసు గాడిలో జరిగి దానికి చోటిస్తుంది. గడ్డ తగిలినప్పుడు నోస్ (బోర్డు ముందు కొస) పైకి లేచినా ఆ కదలిక పాదందాకా పూర్తిగా రాదు. గరుకు మంచు మీద ఎడ్జ్ విడిచిపెట్టకపోవడానికి కారణం ఇదే.

దీనికి మూల్యం ఉంది. ప్లేటు, ఇరుసులు, స్క్రూలు కలిపితే బరువు కిలోకు మించుతుంది. మీరు సుమారు రెండు సెంటీమీటర్లు పైకి లేస్తారు. ఆ ఎత్తు వల్ల బూటు కొసలు మంచుకు తగలడం తగ్గుతుంది, ఎడ్జ్ మీద పట్టు పెరుగుతుంది. కానీ మంచు తిరిగి తోసే బలం కూడా అంతే పెరిగి చీలమండ మీద పడుతుంది. ఇంకో నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: ముందు పాదాన్ని ఒకవైపు, వెనక పాదాన్ని ఇంకోవైపు నొక్కి బోర్డును మెలితిప్పే అలవాటు మీకుంటే, ప్లేటు మీద అది దాదాపు పనిచేయదు. రెండు పాదాలూ ఒకే పలక మీద ఉన్నాయి కదా. ఎడ్జ్ మార్పు తుంటి నుంచి, మొత్తం ఒరుగుదల నుంచి రావాలి.

రేసుల్లో ఈ మూల్యం చెల్లించడానికి చాలామంది సిద్ధపడ్డారు. 2010 వాంకోవర్ ఒలింపిక్స్‌లో కెనడాకు చెందిన జేసీ-జే ఆండర్సన్ సైప్రస్ పర్వతం మీద, వానకు మెత్తబడిన మంచులో, ఫైనల్ మొదటి పరుగులో వెనకబడి కూడా ప్యారలల్ జెయింట్ స్లాలమ్ (ఇద్దరు పక్కపక్కనే గేట్ల చుట్టూ తిరుగుతూ దిగే రేసు) స్వర్ణం గెలిచారు. ఆయన కాళ్ల కింద ఉన్నది ఇలాంటి ప్లేటే. అయితే రేసర్ల మంచు వేరు, మన మంచు వేరు. వాళ్లు గేట్ల (దారి చూపే గుర్తు కర్రల) దగ్గర పడ్డ లోతైన గాడుల్లోంచి వెళ్లాలి. మీకు ప్లేటు అవసరమా లేదా అన్నది మీరు తిరిగే వాలు మధ్యాహ్నానికి ఎలా తయారవుతుందన్న దాన్ని బట్టే తేలుతుంది.

బిగించడం

ముందు బోర్డు మీది రంధ్రాలు చూడండి. మామూలు బోర్డుల్లో నాలుగు సెంటీమీటర్ల చదరంలో ఇన్సర్టులు (స్క్రూ దిగే మరల రంధ్రాలు) ఉంటాయి. రేసు బోర్డులు కొన్నింటిలో యుపిఎం అనే పేరుతో ప్లేటుకే కేటాయించిన రంధ్రాలుంటాయి. మీ ప్లేటు దేనికి చేసిందో దాన్నే వాడండి. కుదరకపోతే దానికి తగిన అడాప్టర్ తెచ్చుకోండి తప్ప బోర్డుకు కొత్త రంధ్రాలు వేయకండి.

స్క్రూ పొడవు దగ్గర తొందరపడొద్దు. బోర్డు ఇన్సర్టులకు పట్టేవి సాధారణంగా ఎం6 స్క్రూలు. ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు దిగుతాయి. ముందు ఇరుసు దిమ్మ (ఇరుసును బోర్డుకు పట్టించే భాగం) లేకుండా ఖాళీ ఇన్సర్టులో స్క్రూను చేత్తో తిప్పుతూ, అడుగుకు తగిలేదాకా ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టండి. తర్వాత దిమ్మ పెట్టి అదే స్క్రూ తిప్పండి. ఈసారి చుట్లు తగ్గాలి, కానీ ఐదుకు తగ్గకూడదు. ఐదు కంటే తక్కువైతే మరలు చెరిగి ఇన్సర్టు పాడవుతుంది. దిమ్మ పెట్టినా చుట్లు తగ్గకపోతే స్క్రూ పొడవెక్కువ. దాని కొస ఇన్సర్టు అడుగును పొడుస్తుంది, అంతకు మించి బిగిస్తే బోర్డు అడుగుభాగంలో బుడిపె లేస్తుంది. దిమ్మ మాత్రం వదులుగానే ఉండిపోతుంది. స్క్రూ బిగిసినట్టు చేతికి అనిపించడం వల్లే ఇది చాలామందిని మోసం చేస్తుంది. సరైన పొడవు దొరికాక, ఊడదీయడానికి వీలుండే రకం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి బిగించండి.

బైండింగులను ప్లేటు మీదికి మార్చేటప్పుడు కాగితం మీది కొలతలను ఒక్క డిగ్రీ కూడా మార్చకండి. ప్లేటు ప్రభావం తెలియాలంటే మిగతాదంతా పాతదే అయివుండాలి.

ఇప్పుడు ఇంట్లోనే చేసే పరీక్ష. బోర్డు నోస్ కింద ఒక చెక్క, టెయిల్ కింద ఒక చెక్క పెట్టి మధ్యభాగం నేలకు తగలకుండా లేపండి. జరిగే ఇరుసు పక్కన గాడి అంచు మీద పెన్నుతో సన్నగా గీత పెట్టండి. ఎవరినైనా ప్లేటు మధ్యలో రెండు చేతులతో గట్టిగా నొక్కమని, మీరు కిందికి వంగి గీతనే చూడండి. ఇరుసు గీతను దాటి ప్లేటు మధ్యవైపు కొద్దిగా జరగాలి, చేతులు తీయగానే వెనక్కి రావాలి. ఎందుకంటే బోర్డు అలా వంగినప్పుడు దాని పైతలం మీది రెండు బిందువులు దగ్గరవుతాయి. ఇరుసు కదలకపోయినా, నొక్కకముందే గాడి లోపలి కొసకు ఆని ఉన్నా ప్లేటు బిగుసుకుపోయినట్టే. అలాంటి ప్లేటుతో వెళితే బోర్డు మధ్యభాగం కర్రలా ఉంటుంది, ప్లేటు మీద మీకు కలిగే అభిప్రాయం కూడా తప్పవుతుంది. దిమ్మను ఒక రంధ్రం జరిపి మళ్లీ నొక్కి చూడండి.

మంచు మీద

ఒకటే వాలు ఎంచుకోండి. వెడల్పుగా, మధ్యస్థంగా, మీకు బాగా అలవాటైనదై ఉండాలి. ఉదయం చదును మంచు మీద ముందు ప్లేటు లేకుండా, తర్వాత ప్లేటుతో. మధ్యాహ్నం అదే వాలు చిందరవందరయ్యాక మళ్లీ రెండు విధాలుగా. బోర్డు ఒకటే కాబట్టి మధ్యలో విప్పి బిగించడానికి సమయం పడుతుంది, అయినా చేయాలి. నిన్నటి మంచుతో ఈరోజు మంచును పోల్చి ప్లేటు బాగుందనీ బాగోలేదనీ చెప్పడంలో అర్థం లేదు.

ప్లేటుతో మొదటి పరుగు అలవాటు కోసమే, పోలికకు కాదు. అందులో వేగం వద్దు. సున్నితమైన వాలు మీద నెమ్మదిగా, పెద్ద మలుపులు తీసుకోండి. ఎడ్జ్ నుంచి ఎడ్జ్‌కు మారడం ఆలస్యంగా అనిపిస్తుంది. ఎత్తు పెరిగింది, బరువు పెరిగింది, కాబట్టి ఆ అనుభూతి నిజమే. కాలితో తోసి తొందరపెట్టకుండా, మార్పును రవ్వంత ముందే మొదలుపెట్టండి. హీల్‌సైడ్‌లో కుర్చీలో కూర్చున్నట్టు తుంటి వెనక్కి పోతే ప్లేటు మిమ్మల్ని కాపాడదు. పైగా ఎత్తు వల్ల ఆ తప్పు ఇంకా పెద్దదవుతుంది.

ప్రతి పరుగు తర్వాత వాలు అంచుకు వెళ్లి ఆగి, పైకి తిరిగి మీ జాడ చూడండి. మధ్యలో ఆగకండి. ఇరుకు చోట్లా, పైనుంచి వచ్చేవాళ్లకు కనిపించని చోట్లా అత్యవసరమైతే తప్ప వాలు మీద ఆగొద్దన్నది ఎఫ్‌ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) పది ప్రవర్తనా నియమాల్లో ఒకటి, వాలును అడ్డంగా కోస్తూ వెళ్లే కార్వింగ్ చేసేవాళ్లు మరీ పాటించాల్సినది. మళ్లీ బయల్దేరే ముందు కూడా పైకి చూడండి.

జాడలో చూడాల్సింది హీల్‌సైడ్ మలుపు చివరి భాగం. అక్కడ గీత తెగకుండా, ఒకే లోతులో ఉంటే ఎడ్జ్ పట్టుకుని ఉంది. చిన్నచిన్న ముక్కలుగా, కుట్టు వేసినట్టు పడితే బోర్డు ఎగురుతోంది. గీత పక్కన మంచు గీరుకుపోయి వెడల్పుగా ఉంటే జారింది. ఒంటికి కలిగే హాయిని నమ్మకండి. ప్లేటు కుదుపును తగ్గిస్తుంది, అందువల్ల జారుతున్నా అంతా సాఫీగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ మలుపు మీద తీర్పు గీతదే.

నేను గమనించినంతలో ఉదయం చదును మంచు మీద రెండు జాడలకూ తేడా చాలా తక్కువ. ప్లేటు లేని బోర్డే చురుగ్గా, ఇంకా బాగుందనిపిస్తుంది కూడా. అసలు తేడా మధ్యాహ్నం గడ్డలు కట్టిన మంచులో కనిపిస్తుంది. చిన్న స్లాలమ్ బోర్డు మీద, లేదా తక్కువ బరువున్న రైడర్ కింద మందపాటి ప్లేటు బోర్డును మొద్దుబారుస్తుంది. అలాంటివాళ్లకు పలచటి ప్లేటు, లేదా ఏ ప్లేటూ లేకపోవడమే మేలని నా అభిప్రాయం. పొడవాటి, పెద్ద మలుపు వ్యాసార్థపు బోర్డు మీద వేగంగా వెళ్లేవాళ్లకు మాత్రం ఒకసారి అలవాటైతే వదలబుద్ధి కాదు.

భోజన విరామంలో గాడిని వేలితో తడిమి చూడండి. తడి మంచు అందులో చేరి గడ్డకడితే ఇరుసు ఆగిపోతుంది. చిన్న బ్రష్ ఒకటి జేబులో ఉంటే చాలు. దిమ్మల స్క్రూలను కూడా అప్పుడే ఒకసారి సరిచూడండి. కొత్తగా బిగించినవి మొదటిరోజే వదులవుతాయి.

8వ పాఠానికి ముందు చేయాల్సినవి: ఉదయం, మధ్యాహ్నం, ప్లేటుతో, ప్లేటు లేకుండా నాలుగు హీల్‌సైడ్ జాడల ఫొటోలు తీయండి. ప్రతిదాని కింద గంట, మంచు రకం రాయండి. వచ్చే పాఠంలో ఆ ఫొటోలను ముందు పెట్టుకుని, ప్లేటు మీద బైండింగుల కోణాలను ఎంత తగ్గించవచ్చో, స్టాన్స్ ఎటు జరపాలో చూద్దాం.