వెనక కాళ్లు చచ్చుబడిన పిల్లికూనతో కాపురం – నాలుగో పాఠం: ఉచ్చ పోయించడం

పోయిన పాఠంలో ఒక ఇంటిపని ఇచ్చాను. కూన పడుకునే గుడ్డని రెండు రోజుల పాటు గంటకోసారి తడిమి చూసి, ఎప్పుడెప్పుడు తడిగా ఉందో రాసుకోమన్నాను. రాసినవాళ్ల కాగితం ఎలా ఉంటుందో చూడకుండానే చెప్పగలను: పొద్దున చెమ్మ, మధ్యాహ్నం చెమ్మ, రాత్రి చెమ్మ. అది చూసి "హమ్మయ్య, దానంతట అదే పోస్తోంది" అనుకుని ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను, తొమ్మిది రోజులు.

నల్లా వచ్చినప్పుడు బిందె పెట్టి మర్చిపోయామనుకోండి. బిందె నిండుతుంది, పొర్లుతుంది, వంటింటి గట్టు తడుస్తుంది. గట్టు తడిసింది కాబట్టి బిందె ఖాళీ అయిందని ఎవరైనా అంటారా? వెన్నెముక దెబ్బతిన్న కూన విషయంలో మనం అనేది అదే. దాని బ్లాడర్ (ఉచ్చ నిలిచే సంచి) నిండిపోయి, ఇక పట్టక, అంచుల మీంచి కారుతోంది. లోపల మాత్రం పాత ఉచ్చ అలాగే నిలవుండి మురుగుతోంది. గుడ్డ తడిసిందంటే అది పోసిందని కాదు. ఈ పాఠంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

మా కూన పేరు మిరియం. హైదరాబాద్ చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికింది. తల్లి మిగతా రెండు పిల్లల్నీ ఆనవాయితీగా ఏడిళ్లు తిప్పింది గానీ, దీన్ని స్కూటర్ల వెనకే వదిలేసింది. మొదట చూపించిన క్లినిక్‌లో కాళ్లు రావని చెప్పారు, బ్లాడర్ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. తొమ్మిదో రోజు పక్కింటి పిన్నిగారు గుమ్మంలోంచే ముక్కు మూసుకుని, "ఏమ్మా, ఏదైనా కుళ్లిందా?" అన్నారు. ఆ సాయంత్రం ఇంకో డాక్టరు గారు దాని పొట్ట పట్టుకుని మెల్లగా నొక్కితే, బల్ల మీద పరిచిన తెల్ల టిష్యూ మీద గులాబీ రంగు ఉచ్చ పడింది. రక్తం కలిసిన ఉచ్చ. ఇన్ఫెక్షన్ తగ్గడానికి మూడు వారాలు పట్టింది.

కాబట్టి ఈ పాఠం చదివేసి నేరుగా కూన మీద చేయి వేయకండి. మొదటిసారి పశువుల డాక్టరు ఎదుట చేయాలి. నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి వెళ్తారో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి వెళ్తారో, మీ వీధి చివర క్లినిక్‌కి వెళ్తారో మీ ఇష్టం. అడగాల్సిన తీరు మాత్రం ఒకటే: "మీరు తీయడం కాదండీ, నా చేత తీయించండి." డాక్టర్లు హడావిడిలో తామే చేసేసి పంపించేస్తారు. చూసి నేర్చుకునే పని కాదిది. ఈత లాంటిది.

ఇంకొకటి కూడా అడగండి: బ్లాడర్ వదులుదా, బిగుతుదా? తోక దగ్గర, అంటే వెన్ను చివర దెబ్బ తగిలితే సాధారణంగా బ్లాడర్ మూతి వదులవుతుంది. ఎప్పుడూ కారుతుంటుంది, నొక్కితే సులువుగా వస్తుంది. వెన్నుకి అంతకంటే పైన తగిలితే మూతి బిగుసుకుంటుంది. అప్పుడు మీరెంత నేర్పరులైనా కష్టమే. మూతి సడలడానికి డాక్టరు మందు రాయాల్సి రావచ్చు. మీ కూనది ఏ రకమో తెలియకుండా బలం వాడితే ప్రమాదం.

(చక్కగా నడిచే పిల్లికి కూడా ఈ తిప్పలు రావచ్చు. తోక బండి చక్రం కింద పడ్డా, ఎవరైనా గట్టిగా లాగినా, తోక మొదట్లోని నరాలు దెబ్బతిని ఉచ్చ ఆగిపోవచ్చు. తోక మొదట్లో గిల్లితే దానికి తెలుస్తుంటే ఆశ ఎక్కువ. ఉచ్చ దానంతట అదే పోసేదాకా ఈ పాఠమే దానికీ. నెల దాటినా పోయకపోతే మాత్రం ఆశ తక్కువ.)

ఇప్పుడు చేతి సాధన. కూన అక్కర్లేదు.

మెడికల్ షాపులో దొరికే పల్చటి రబ్బరు గ్లౌజు ఒకటి తీసుకోండి. ఒక వేలు కత్తిరించి, అందులో మూడు టీస్పూన్ల నీళ్లు పోసి, గాలి లేకుండా దారంతో గట్టిగా కట్టండి. ఉసిరికాయంత అవుతుంది. కిలో బరువున్న కూనకి ఏడెనిమిది గంటల్లో నిండేది సుమారు అంతే. దాన్ని మెత్తటి తువ్వాలు మడతల్లో చుట్టి, కళ్లు మూసుకుని బయటి నుంచే వెతకండి. జారిపోతూ, గుండ్రంగా, నొక్కితే తిరిగి ఉబుకుతూ చేతికి తగిలేదాకా వెతకండి.

దొరికాక బయటికి తీసి, ముడికి ఎదుటి కొసన సన్న సూదితో ఒక బెజ్జం పెట్టండి. ముందు వేళ్ల కొసలతో పొడిచినట్టు నొక్కి చూడండి. పక్కకి ఉబ్బుతుంది, ధార తెగి తెగి వస్తుంది. ఇప్పుడు వేళ్లు బల్లపరుపుగా పెట్టి, బొటనవేలు ఒకవైపు, నాలుగు వేళ్లు ఇంకోవైపు, మెల్లగా దగ్గరికి తీసుకురండి. సన్నగా, ఆగకుండా ధార వస్తుంది. తేడా చేతికి తెలిసేదాకా నాలుగైదు గ్లౌజులు పాడైనా పర్వాలేదు. నేను ఒక సాయంత్రమంతా బాత్రూమ్‌లో కూర్చుని ఇదే పని చేశాను, మా ఇంట్లోవాళ్లకి నా మీద సందేహం వచ్చింది.

ఇక కూన దగ్గరికి. నేను బాత్రూమ్‌లో చిన్న పీట వేసుకుని కూర్చుంటాను. తువ్వాలు మీద మిరియాన్ని దాని ముఖం అటు, తోక నావైపు ఉండేలా నిలబెడతాను. ఎడమ చేయి దాని రొమ్ము కింద, బరువంతా ఆ చేతి మీద. కుడి చేయి పొట్ట కిందకి వెళ్తుంది, వెనక తొడలకి సరిగ్గా ముందు. అక్కడ గ్లౌజు వేలు లాంటిదే తగులుతుంది. శనగగింజల్లా వరసగా గట్టిగా తగిలితే అది దొడ్డి (మలం), వదిలేయండి. పక్కటెముకల దగ్గర, వెన్నుకి ఆనుకుని గట్టిగా తగిలేది కిడ్నీ. దాని జోలికి అసలు పోకండి.

దొరికాక వెంటనే నొక్కొద్దు. చేయి అలాగే ఉంచి దాని పొట్ట వదులయ్యేదాకా ఆగండి. భయపడితే పొట్ట చెక్కలా బిగిస్తుంది. మీరు టెన్షన్ పడితే అదీ పడుతుంది. ఒకటి, రెండు, మూడు అనుకుంటూ మెల్లగా ఒత్తిడి పెంచుతూ, కొంచెం తోకవైపుకి నెట్టినట్టు. ధార మొదలైందంటే ఆ ఒత్తిడి అక్కడే నిలపండి. పెంచొద్దు, వదలొద్దు. ధార ఆగాక చేయి సడలించి, పది లెక్కపెట్టి, మళ్లీ ఒకసారి. ఖాళీ అయిన బ్లాడర్ గాలిపోయిన బెలూన్‌లా వేళ్ల మధ్య జారుతుంది.

ఉసిరికాయ నిమ్మకాయ అయిందంటే మీరు ఆలస్యం చేశారు. గట్టిగా రాయిలా ఉండి, రెండు మూడు సార్లు మెల్లగా ప్రయత్నించినా చుక్క కూడా రాకపోతే ఆపేయండి. రేపు చూద్దామనుకోకుండా అప్పుడే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ముఖ్యంగా మగపిల్లికి దారి సన్నం, మూసుకుపోవచ్చు. మూసుకున్నదాన్ని బలంగా పిండితే బ్లాడర్ లోపలే పగులుతుంది.

రోజుకి మూడుసార్లు, ఎనిమిది గంటలకోసారి. మా ఇంట్లో ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. ఉద్యోగం చేసేవాళ్లకి మధ్యాహ్నంది గండం. నాకు ఆ గండం గట్టెక్కించింది ఆ ముక్కు మూసుకున్న పిన్నిగారే. డాక్టరు దగ్గరికి తనూ వచ్చి నేర్చుకున్నారు. రెండింటికి సీరియల్ మధ్యలో ప్రకటనలు రాగానే లేచి వస్తారు, అవి అయ్యేలోపు పని ముగిస్తారు. నాకంటే చేతి నేర్పు ఉంది ఆవిడకి, ఒప్పుకోక తప్పదు.

గుడ్డ తడుస్తోందని నీళ్లు తగ్గించే ఆలోచన చేయకండి. మన మే నెల ఎండల్లో అది నేరుగా ఇన్ఫెక్షన్‌కి దారి. నీళ్లు బాగా తాగాలి, మనం బాగా తీయాలి.

అయ్యాక గోరువెచ్చని నీళ్లతో తుడిచి, తోక కింద, తొడల మధ్య పూర్తిగా ఆరేదాకా పొడిగుడ్డతో అద్దండి. అక్కడ తడి నిలిస్తే చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా పుండవుతుంది. వాసన వస్తోందని నేల మీద ఫినాయిల్ పోయకండి, నీళ్లలో డెట్టాల్ కలపకండి. పిల్లి కాళ్లూ ఒళ్లూ నాక్కునే జీవి, రెండూ దానికి విషమే. ఒళ్లు వెచ్చగా ఉందని డోలో ముక్క వేయడం అంతకంటే ఘోరం. పారాసిటమాల్ చిన్న ముక్క కూడా పిల్లి ప్రాణం తీస్తుంది.

నేర్చుకునే రోజుల్లో ఒకటో రెండో కొరుకుళ్లు, గీతలు తప్పవు. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ సూది వేయించుకోండి. నారాయణగూడ ఐపీఎంలో (ప్రభుత్వ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో) వేస్తారు. కూనకి మూడు నెలలు నిండగానే దాని రేబిస్ టీకా కూడా.

ఈ వారం ఇంటిపని: ఒక నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి. టైము, ఎంత వచ్చింది (ఉసిరికాయా, నిమ్మకాయా), రంగు, వాసన. మిరియం నోట్‌బుక్‌లో నిన్నటి మధ్యాహ్నం వరస పిన్నిగారి చేతిరాతలో ఇలా ఉంది: "2.10. ఉసిరి. లేత పసుపు. వాసన లేదు. నా గాజు కొరికింది."

వచ్చే పాఠం దొడ్డి గురించి. అన్నానికి ముందు చదవండి.