ఏరువాక రద్దీకి ముందే పట్టకార్లు: కొలిమి పనిలో జాగ్రత్తలు

ఏరువాక పౌర్ణమి దగ్గరపడే కొద్దీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో కొలిమికి పని పెరుగుతుంది. ట్రాక్టర్లు వచ్చాక నాగటి కర్రులు తగ్గాయి గానీ కొడవళ్లు, పారలు, గొడ్డళ్లు, గడ్డపారలు కాల్చి సాగదీయించుకోవడం ఆగలేదు. చీమకుర్తి వైపు రాతి పనివాళ్ల ఉలులైతే ఏడాది పొడవునా మొన అరిగి వస్తూనే ఉంటాయి. ఆ హడావిడిలో చేతికందిన పట్టకారుతో ప్రతి ఇనుమునూ పట్టేస్తాం. ప్రమాదం అక్కడే ఉంది. పని మీద పడకముందే, మీ దగ్గరికి ఎక్కువగా వచ్చే వస్తువులకు సరిపోయే పట్టకార్లు మీరే చేసి పెట్టుకోండి.

పట్టకారు నోరు ఒక్క మందానికే సరిగ్గా కూర్చుంటుంది. 6 మిల్లీమీటర్ల పట్టీకి రెండు దవడలూ సమంగా ఆనేలా చేసిన పట్టకారుతో 12 మిల్లీమీటర్ల ముక్కను పట్టుకుంటే కీలు వైపు మాత్రమే ఆనుతుంది, కొసలు తెరుచుకుని ఉంటాయి. అంతకంటే పలచని రేకును పడితే కొసలు మాత్రమే తగులుతాయి, వెనక ఖాళీ. రెండు సందర్భాల్లోనూ ఇనుము ఒక్క చోటే పట్టుబడి ఉంటుంది కాబట్టి సుత్తి పక్కగా పడగానే గిర్రున తిరుగుతుంది, లేదా ఎగిరిపోతుంది. గట్టిగా నొక్కి పట్టుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. ఎంత నొక్కితే చెయ్యి అంత త్వరగా అలిసిపోతుంది, అలిసిన చెయ్యి సరిగ్గా సమ్మెట పడే సమయానికే వదులవుతుంది.

గుండ్రటి కడ్డీకి, ఆరు పలకల కడ్డీకి దవడల లోపల నిలువునా గాడి ఉండాలి. నున్నటి దవడల మధ్య గుండ్రటి కడ్డీ ఎప్పటికీ నిలవదు. కొడవలి పట్టీ లాంటి చదును ముక్కకు ఒక దవడ అంచులు రెండు వైపులా కొద్దిగా పైకి మడిచి ఉంటే పట్టీ పక్కకు జారదు. రాతి ఉలి తల దెబ్బలు తిని గొడుగులా విచ్చుకుని ఉంటుంది కనుక, దవడల వెనక ఆ తల ఇమిడేంత బోలు వదలాలి. గొడ్డలికి ఒక దవడ దాని కంట్లోకి, అంటే కర్ర తొడిగే రంధ్రంలోకి దూరేలా సన్నగా, పొడుగ్గా ఉంటే మంచిది. గడ్డపారకు మాత్రం పట్టకారు అక్కర్లేదు. రెండో కొస చల్లగానే ఉంటుంది, చేత్తోనే పట్టుకోవచ్చు.

ముందు ఇనుము చూసుకోండి. పట్టకారుకు మెత్తని ఇనుము, అంటే మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) చదరపు కడ్డీ వాడండి. లారీ కమాను పట్టీ కత్తికి బాగుంటుంది, పట్టకారుకు పనికిరాదు. పని మధ్యలో పట్టకారు వేడెక్కినప్పుడల్లా నీళ్లలో ముంచుతాం. కమాను పట్టీలో కర్బనం ఎక్కువ కాబట్టి ఎర్రగా ఉన్నప్పుడు ముంచితే గాజులా పెళుసుబారి, మరుసటి దెబ్బకు ఫట్‌మని విరిగిపోతుంది. మెత్తని ఇనుముకు ఆ భయం లేదు.

పాత ఇనుము కొట్టులో దొరికే జీఐ పైపును పట్టకారు కాళ్లకు, అంటే చేత్తో పట్టుకునే పొడవాటి భాగాలకు వాడొద్దు. దాని మీది జింకు పూత 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, కొలిమిలో వేడి అంతకు మించే ఉంటుంది. ఆ పొగ పీల్చిన కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. మలేరియా అనుకుని మందులు మింగినవాళ్లున్నారు. తెల్లగా మెరిసే పూత, క్రోమియం పూత, రంగు వేసిన ఇనుము ఏదైనా పొయ్యికి దూరంగా ఉంచండి. రెండు కొసలూ మూసుకుపోయిన పైపు, పాత షాక్ అబ్జార్బర్ లాంటివి అసలు కాల్చకూడదు. లోపల తడి గానీ నూనె గానీ ఉంటే పేలతాయి.

పట్టకారు లేకుండా మొదటి పట్టకారు ఎలా చేయాలన్న సందేహం వస్తుంది. కడ్డీని పొడుగ్గా, కనీసం రెండు మూడు అడుగులు ఉండేలా తీసుకుని, ఒక కొస కాలుస్తూ ఇంకో కొస చేత్తో పట్టుకోవాలి. నాలుగైదు సార్లు కాల్చాక వేడి చేతి వైపుకు పాకుతుంది. పట్టుకునే ముందు ప్రతిసారీ అరచేయి వెనక భాగాన్ని దగ్గరగా పెట్టి చూసుకోండి, ముట్టుకోవద్దు. వేడిగా అనిపిస్తే ఆ కొస మీద నీళ్లు పోయండి.

పట్టకారులోని రెండు ముక్కలూ ఒకేలా ఉండాలి, అద్దంలో బొమ్మలా ఎదురెదురుగా కాదు. ఇందులోనే ఎక్కువమంది పొరబడతారు. మొదటి ముక్కను దాగలి (ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ) మీద ఎటు తిప్పి కొట్టారో రెండోదాన్నీ అటే తిప్పి కొట్టాలి. మొదటిది పక్కన పెట్టుకుని చూస్తూ చేయండి. దవడకూ కీలుకూ మధ్య మెట్టు దించేటప్పుడు దాగలి పదునైన అంచు మీద కాకుండా కాస్త గుండ్రం చేసిన అంచు మీద కొట్టండి. పదునైన మూల పడితే అక్కడే పగులు పుడుతుంది, విరిగితే అక్కడే విరుగుతుంది. ఆ చోటు మరీ పలచబడినా అంతే. నారింజ రంగు దాటి పసుపుకు వచ్చే వేడిలో కొట్టండి, ముదురు ఎరుపుకు దిగగానే మళ్లీ పొయ్యిలో పెట్టండి. ఇనుము నుంచి తెల్లటి నిప్పురవ్వలు చిమ్ముతుంటే అది మాడిపోతోందని అర్థం. ఆ భాగం కోసి పారేయాల్సిందే.

రెండు ముక్కలనూ కీలు దగ్గర కలిపే రివిట్‌కు 8 లేదా 10 మిల్లీమీటర్ల కడ్డీ సరిపోతుంది. రంధ్రం వేడి మీదే పొడవండి. రెండు మూడు దెబ్బలకోసారి పంచ్ మొన నీళ్లలో ముంచకపోతే మెత్తబడి ఇనుములో ఇరుక్కుంటుంది. రివిట్ బాగా కాల్చి తల కొట్టాక కీలు బిగుసుకుపోతుంది. కీలు వరకు మళ్లీ ఎర్రగా కాల్చి, చల్లారే దాకా కాళ్లు తెరుస్తూ మూస్తూ ఉంటే వదులవుతుంది.

చివరగా దవడలను కాల్చి, మీరు పట్టుకోబోయే సైజు చల్లటి ముక్క మీద నొక్కి ఆ మందానికి కూర్చోబెట్టండి. అప్పుడు కాళ్ల మధ్య వేలు కంటే కాస్త ఎక్కువ సందు ఉండాలి. కాళ్లు కలిసిపోతే పట్టు బిగియదు, పైగా వేళ్లు నలుగుతాయి. కాళ్లకు తొడిగే ఒక ఇనుప కడియం కూడా చేసుకుంటే, దాన్ని కాళ్ల కొసల వైపుకు తోస్తే పట్టు తనంతట బిగిసి ఉంటుంది. దీన్ని మాత్రం వదలకండి, చేతికి ఎంతో విశ్రాంతి.

పొయ్యిలో పెట్టే ముందు చల్లటి ముక్కతో పరీక్షించండి. పట్టుకుని గట్టిగా ఊపండి, దాగలి మీద పెట్టి చిన్న సుత్తితో పక్క నుంచి తట్టండి. కదిలిందంటే ఆ పట్టకారు ఆ ముక్కది కాదు.

కొట్టేటప్పుడు పట్టకారు కాళ్ల కొసలు మీ కడుపుకో తొడ సందుకో ఎదురుగా ఉండకూడదు. దెబ్బ పక్కకు పడితే అవే పొడుస్తాయి. ఒంటికి పక్కగా పట్టుకోండి. సమ్మెట కొట్టే మనిషి మీకు సూటిగా ఎదురుగా కాక ఓ పక్కగా నిలబడాలి, ముక్క ఎగిరే దారిలో ఎవరూ ఉండకూడదు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు చూడటానికి వచ్చి చుట్టూ చేరతారు. వాళ్లను దూరంగా కూర్చోబెట్టడం మీ బాధ్యతే.

ఈ కాలంలో అన్నిటికంటే నేను భయపడేది ఎండ వెలుగుకే. ఇనుము వేడి మనం రంగును బట్టే చూస్తాం. నీడలో 600 డిగ్రీల ఇనుము ముదురు ఎరుపుగా కనిపిస్తుంది, అదే ఎండలో నల్లగా, చల్లారినట్టు ఉంటుంది. 400 డిగ్రీల ఇనుమైతే నీడలో కూడా నల్లగానే ఉంటుంది. వేపచెట్టు కింద కొలిమి పెట్టినా మధ్యాహ్నం ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చాలు మోసపోవడానికి. పై వైపు, పడమటి వైపు తడికలు కట్టి కొలిమి చుట్టూ నీడ చేసుకోండి. కాల్చిన ముక్కలు పెట్టడానికి ఒకే చోటు నిర్ణయించుకుని, ఇంట్లోవాళ్లకు, పని ఇచ్చిపోయే రైతులకు కూడా ఆ చోటు చూపించండి. నల్లగా ఉన్న ప్రతి ఇనుమూ వేడిదే అనుకోండి. నల్ల కళ్లద్దాలు కూడా రంగును దాచేస్తాయి, తెల్ల అద్దాలే పెట్టుకోండి. పెచ్చులు కంట్లో పడకుండా అవి తప్పనిసరి.

గది మూసుకుని పని చేయొద్దు. వడగాలికి భయపడి తలుపులు వేసుకుంటే బొగ్గు పొగలోని విషవాయువు వాసన లేకుండానే ముంచుకొస్తుంది. తలనొప్పి, తల తిరగడం మొదలైతే వెంటనే బయటికి రండి. అలాగని పెనుగాలి వీచే రోజున ఆరుబయట కొలిమి పెట్టినా ఇబ్బందే. తాటాకు కప్పు గానీ గడ్డివాము గానీ దగ్గర్లో ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. బకెట్ నీళ్లు, మరో బకెట్ ఇసుక పక్కనే ఉంచుకోండి. చుట్టుపక్కల తేలిగ్గా దొరికే గ్రానైట్ ముక్కలను పొయ్యి చుట్టూ పేర్చే అలవాటు కూడా మంచిది కాదు. తడి పట్టిన రాయి వేడికి పెచ్చులు లేచి ఎగురుతుంది. ఇటుక, మట్టి వాడండి.

బట్టలు నూలువే కట్టుకోండి. పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది. లుంగీ, చెప్పులు వద్దు. తోలు బూట్ల మీదికి ప్యాంటు పడాలి, బూట్లలోకి దోపితే నిప్పు లోపలికి జారుతుంది. తోలు చేతొడుగు వదులుగా, విదిలిస్తే ఊడిపోయేలా ఉండాలి. అది తడిస్తే తీసేయండి, తడి చేతొడుగులో ఆవిరి పుట్టి చెయ్యి ఉడికిపోతుంది.

రోహిణి కార్తెలో తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదికల్లా పొయ్యి ఆర్పేయడమే మేలు. దాహం వేసేదాకా ఆగకుండా ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ తాగుతూ ఉండండి. ఎవరైనా తడబడుతూ మాట్లాడుతుంటే, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లంతా తడుపుతూ 108కు ఫోన్ చేయండి. ఆలస్యం చేయొద్దు.

కాలితే కాలిన చోట ఇరవై నిమిషాల పాటు మామూలు నీళ్లు ధారగా పోయండి. ఉంగరం, కడియం ఉంటే వాపు రాకముందే తీసేయండి. ఐస్, పసుపు, టూత్‌పేస్ట్, సిరా ఏవీ రాయొద్దు. బొబ్బ చిదమొద్దు. అంటుకున్న బట్టను లాగొద్దు, దాని మీదే నీళ్లు పోయండి. ముఖం, కళ్లు, చేతి కీళ్ల దగ్గర కాలినా, కాలిన చోటు అరచేతి కంటే పెద్దదైనా, తెల్లగా గానీ నల్లగా గానీ మాడినట్టు ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో అక్కడ చెప్పండి.