గోదారి కబురు పెట్టి వస్తుంది, మురుగు కాలువ పెట్టదు

భద్రాచలంలో గోదారి 43 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీళ్లు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అక్కడ ఆ మూడు హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకి. గోదారి మధ్య లంక ఊళ్లలో పిల్లల్ని అడిగినా ఈ అంకెలు చెప్పేస్తారు. 1986 ఆగస్టు, 2022 జులై వరదలు చూసినవాళ్లకి సామాను ఎప్పుడు అటక ఎక్కించాలో ఒకరు చెప్పక్కర్లేదు.

అసలు టెన్షన్ రెండో రకం వరదతో, అంటే కబురు లేకుండా వాగులు, మురుగు కాలువలు పొంగి వచ్చేదానితో. మెట్టలో కుండపోత వాన పడితే మన ఊళ్లో చినుకు లేకపోయినా అక్కణ్ణుంచి దిగే ఎర్రకాలువ వాగు పొంగుతుంది. 2024 జులైలో నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు వరి చేలు మునిగింది ఈ కాలువ నీళ్లకే. దిగువన డ్రెయిన్ల నిండా గుర్రపుడెక్క, పైగా అమావాస్యకో పౌర్ణమికో సముద్రం పోటు మీదుంటే నీళ్లు దిగే దారి ఉండదు, వెనక్కి ఎగదన్నుతాయి. అందుకే వానాకాలంలో క్యాలెండర్లో తిథి కూడా చూసుకోండి. మీ వీధి తూములో చెత్త తీయించే పని జూన్‌లోనే పంచాయతీ వెంటపడి చేయించుకోండి. ఆగస్టులో అడిగితే ఎవరి దగ్గరా మనుషులుండరు.

ఏటిగట్టు పక్కన ఇల్లున్నవాళ్లు ఎలుక బొరియలు, ఎండ్రకాయల బొక్కలు ఇప్పుడే చూసి పూడ్పించాలి. వరదప్పుడు గట్టు అవతలి వైపు ఊట కనిపిస్తే నీటి రంగు చూడండి. తేటగా వస్తుంటే కనిపెట్టుకుని ఉండాలి. బురదగా వస్తుంటే గట్టులోని మట్టి కొట్టుకొస్తున్నట్టే, గండికి అదే మొదలు. వెంటనే ఇరిగేషన్ వాళ్లకి చెప్పి ఇసుక బస్తాలు వేయించాలి. వీడియో తర్వాత తీసుకోవచ్చు.

రోడ్డు సంగతికొస్తే, మనవాళ్లకి ధైర్యం ఎక్కువ. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే ముందు బండి వెళ్లిందని వెనక బండి కదులుతుంది. మోకాలి లోతు నీళ్లు జోరుగా పారుతుంటే మనిషి నిలబడలేడు. రెండడుగుల నీళ్లలో కారు తేలిపోతుంది. రోజూ తిరిగే దారే కదా అనుకుంటాం గానీ, తారు కింద మట్టి ఉందో లేదో పైకి తెలియదు. నీళ్లు తీశాక కూడా కల్వర్టు దగ్గర ఆగి, దిగి, అంచులు కోసుకుపోయాయేమో చూశాకే ట్రాక్టరు పోనివ్వండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి. చెమట పడుతుందని తీసి పక్కన పెట్టేవాళ్లని రేవులో చూస్తూనే ఉంటాం.

ఇంట్లో నీళ్లు వచ్చేలా ఉంటే మెయిన్ ఆపేయండి. తడి కాళ్లతో, తడి చేత్తో స్విచ్‌బోర్డు జోలికి వెళ్లకూడదు. గ్యాస్ సిలిండర్ నీళ్లలో తేలుతుంది, రెగ్యులేటర్ తీసి సిలిండర్‌ని స్తంభానికి కట్టేయండి. పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, రేషన్ కార్డు, మందులు ఒకే ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. పశువుల్ని ముందే మెరకకి తోలాలి. కుదరకపోతే పలుపులు విప్పేయాలి, కట్టేసి మాత్రం వెళ్లొద్దు.

నీళ్లతో పాటు పాములూ మెరకకే వస్తాయి. రక్తపింజర, కట్లపాము ఎక్కడైనా దూరతాయి కాబట్టి కట్టెల మోపులో, చాపల కింద చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. వరద సాయం కావాలంటే 112 లేదా 1070.

నీళ్లు తీశాక తొందరపడకండి. మట్టిగోడల ఇల్లు, పాత పెంకుటిల్లు మునిగినప్పుడు నిలబడి, ఎండ కాశాక కూలే ప్రమాదం ఉంది. గోడకి బీటలుంటే ఆ గదిలో ఎవర్నీ పడుకోనివ్వొద్దు. బోరు నీళ్లు, బావి నీళ్లు క్లోరినేషన్ అయ్యేదాకా కాచి తాగండి. ఇల్లు ఊడ్చుకునే ముందే గోడ మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ చారతో సహా ఫొటోలు తీసి పెట్టుకోండి. నష్టం రాసుకోవడానికి మనుషులు వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉంటుంది, చూపించడానికి ఏమీ మిగలదు. చేలు ఉన్నవాళ్లు ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంటల రికార్డులో, పంట నమోదైందో లేదో వరద రాకముందే రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి.