ఆశ్రయం కేసులో మానసిక పరీక్షకు వెళ్లే ముందు జాగ్రత్తలు

- సొంత దేశంలో హింసకు భయపడి వచ్చినవారు మరో దేశంలో రక్షణ కోరడమే ఆశ్రయం కేసు. ఈ కేసు కోసం మానసిక నిపుణులు మిమ్మల్ని పరీక్షించి రాసే నివేదిక దేనికి, ఎప్పటికి కావాలో ముందే మీ న్యాయవాదిని అడగండి. అమెరికాలో ఆశ్రయం దరఖాస్తుకు సాధారణంగా దేశంలో అడుగుపెట్టిన 1 సంవత్సరంలోపు గడువు. నివేదిక తయారీకి వారాలు పట్టవచ్చు.

- దుబాసీగా ఇంట్లోవారిని, ముఖ్యంగా పిల్లలను తీసుకెళ్లకండి. కన్నబిడ్డ ఎదుట ఏ తల్లీ తనపై జరిగిన హింసను పూర్తిగా చెప్పలేదు. ఆ మాటలు మోసే భారం పిల్లలకూ వద్దు. మీ భాష, యాస తెలిసిన బయటి దుబాసీని ముందుగానే కోరండి. స్త్రీ కావాలో పురుషుడు కావాలో కూడా చెప్పండి, మొహమాటపడకండి.

- తేదీలు బట్టీ పట్టవద్దు. గాయపడిన మనసుకు జ్ఞాపకాలు ముక్కలుగానే వస్తాయి, నిపుణులకు అది తెలుసు. గుర్తులేనిది గుర్తులేదనండి. ఒక్క అతిశయోక్తి నిజాలన్నిటినీ అనుమానంలో పడేస్తుంది.

- పాత వైద్య పత్రాలు, వాడుతున్న మందుల జాబితా తీసుకెళ్లండి.

- పరీక్ష చేసేవారు మీకు చికిత్స చేసేవారు కారు. మీరు చెప్పింది ఎవరెవరు చదువుతారో మొదటే అడగండి.

- మధ్యలో విరామం అడగవచ్చు. ఆ రోజు వేరే పని పెట్టుకోకండి. తిరిగి వచ్చేటప్పుడు తోడు ఉండాలి.

- చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే పరీక్ష రోజు దాకా ఆగకండి, ఇప్పుడే వైద్య సాయం తీసుకోండి.