దేవగన్నేరుకి నల్లి పడితే

బెంగళూరు మారతహళ్లిలో మా గేటు పక్కన దేవగన్నేరు ఉంది. మార్చి ఎండలు ముదిరాయంటే ఆకులు సూదితో పొడిచినట్టు చుక్కలు పడి పాలిపోతాయి. మొదట్లో దాహమేమో అనుకుని బకెట్లకొద్దీ పోశాను. కాదు, ఆకు రసం పీల్చే ఎర్రనల్లి.

తెల్లకాగితం మీద ఆకు దులపండి. రాలిన చుక్కలు నడిస్తే నల్లి. ఆకు అడుగున నారింజ రంగు పొడి కదలకుండా ఉంటే తుప్పు తెగులు, దాని మందు వేరు. సన్నని సాలెగూడు కనిపించిందంటే నల్లి ముదిరినట్టే.

ముందు పైపుతో ఆకుల అడుగున గట్టిగా కొట్టండి. సగం పని నీళ్లే చేస్తాయి. సాయంత్రం పూట లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి పిచికారీ చేయండి. గుడ్లు మిగిలిపోతాయి కాబట్టి వారానికోసారి, మూడు వారాలు. తగ్గకపోతే నీళ్లలో కలిసే గంధకం పొడి, లీటరుకి 3 గ్రాములు. నూనె కొట్టిన రెండు వారాల్లోపు గానీ, మండుటెండలో గానీ గంధకం మాత్రం వద్దు, ఆకు మాడుతుంది.

నల్లి పురుగు కాదు, ఎనిమిది కాళ్ల సాలీడు చుట్టం. మామూలు పురుగుమందుకి దాన్ని తినే జీవులే ముందు చస్తాయి. ఒకసారి కొట్టి, నల్లిని రెట్టింపు చేసుకున్నాను. ఇప్పుడు వారానికి రెండుసార్లు రోడ్డు దుమ్ము కడుగుతున్నాను, అంతే.